నీటి తాళం

"వాళ్లు వెళ్లేదాకా ఆ మాట నీ నోట రాకూడదు" అన్నారు మామగారు, కోడలి గది గుమ్మంలో నిలబడి.

"ఏ మాట మామయ్యగారూ? ఫ్లష్ టాంకా?"

"అదే! అదే వద్దంటున్నది!"

కోడలు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. టాయిలెట్లు ఎలా బిగించాలో స్వీడన్ కంపెనీ ఒకటి వేసిన పుస్తకాన్ని ఆమె ఇంగ్లీషులోకి మారుస్తోంది.

"ఈ మాట చూడండి. వాటెన్‌లోస్. ఉన్నదున్నట్టు మారిస్తే 'నీటి తాళం'. ఇంగ్లీషులో అలా రాస్తే మేస్త్రీలు నవ్విపోతారు, ట్రాప్ అని రాయాలి. గొట్టం వంపులో నిలిచిన నీళ్లు కింది కంపును పైకి రానివ్వవు. ఇదేమో గోల్వ్‌బ్రున్. అచ్చంగా 'నేలబావి'. కానీ అది బాత్రూం తూము."

"తల్లీ, నీకో దణ్ణం. అబ్బాయి తండ్రి సాహిత్యం ప్రొఫెసరు. ఫోన్లో నోరు జారి, మా కోడలు స్వీడిష్ సాహిత్యం అనువదిస్తుందని చెప్పేశాను. ఇప్పుడు మరుగుదొడ్లని తెలిస్తే నా పరువేం కాను?"

ఆయన వెనకనుంచి ఆడపడుచు తొంగిచూసింది. పెళ్లి కుదరాల్సింది ఆమెకే. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"వదినా, ఈ ఒక్క పూటకి..."

కోడలు కుర్చీలోంచి లేచింది. "అబద్ధం మాత్రం ఒక్కటీ చెప్పను. నీ పెళ్లికి అడ్డమూ రాను. పోయి ముఖం కడుక్కో."

ప్రొఫెసరుగారు కొడుకునూ, తన అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చారు. ముసలావిడ సోఫా మూలకు ఒదిగి కళ్లు మూసుకుంది. అబ్బాయి అమ్మాయి వంక తప్ప ఎటూ చూడలేదు. ప్రొఫెసరుగారు కూర్చోవడమే ఆలస్యం, ఉపన్యాసం అందుకున్నారు. టీ చల్లారిపోయినా అది ఆగలేదు.

"అన్నట్టు, అమ్మా!" కోడలి వైపు తిరిగారు హఠాత్తుగా. "ఆ భాష ఎన్నడూ చెవిన పడలేదు. నాలుగు ముక్కలు వినిపించు."

"ముందు ఇంకో కప్పు టీ..." అంటూ మామగారు లేవబోయారు.

"దానికేం భాగ్యమండీ. ఇవాళ పొద్దున చేసిందే వినిపిస్తాను" అంది కోడలు.

గొంతు సవరించుకుని, జోలపాటంత నెమ్మదిగా స్వీడిష్‌లో చదివింది. తర్వాత, "ఏ మాటకు ఆ మాటే చెబుతున్నాను, నా సొంతం ఏమీ కలపడం లేదు" అని అర్థం చెప్పింది.

"నేలలో ఒక బావి ఉంది. దానికి నీళ్లే తాళం. ఆ తాళాన్ని ఎండిపోనివ్వకు. ఎండిందా, అడుగున దాగినదంతా ఇంట్లోకి వచ్చేస్తుంది. పోవలసినదాన్ని తోయకు. దారి కాస్త వాలుగా ఉంచు, తనంతట తానే వెళ్లిపోతుంది."

ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి, కండువాతో కళ్లొత్తుకున్నారు.

"ఆ బావి మనిషి మనసు. ఆ తాళం కన్నీళ్లు! ఏడవడం మరిచిపోయిన ఇంట్లో ఏముంటుందమ్మా, చీకటి తప్ప? ఎవరీ కవి?"

"పేరు వెయ్యలేదండీ. చాలామంది కలిసి తయారుచేసింది. అక్కడ ఇంటింటా రోజూ వాడుకునేదే."

"జానపదం! నేననుకుంటూనే ఉన్నాను!" తొడ చరిచి మామగారి వైపు తిరిగారు. "ఇంత లోతైన కోడలున్న ఇంటితో వియ్యమంటే ఇంకా ఆలోచించేదేముంది బావగారూ? ముహూర్తం మీరే చూడండి."

మామగారు పంచాంగం తేవడానికి లేచారు. ఆడపడుచు వంటింట్లోకి పరుగెత్తి, వదిన రాగానే చుట్టుకుపోయింది.

"ఒక్క అబద్ధమైనా చెప్పానా?" అంది కోడలు దర్జాగా.

సాగనంపడానికి అందరూ వీధి గుమ్మం దాకా వచ్చారు. ప్రొఫెసరుగారు ఇంకా జానపదాల గురించే చెబుతూ మెట్లు దిగుతున్నారు. ముసలావిడ వెనకబడి, కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. చెవిలో, నికార్సయిన స్వీడిష్‌లో అడిగింది:

"స్వీడన్‌లో నర్సుగా పనిచేశానని చెబుదామన్నా మా అల్లుడు నోరు తెరవనిస్తేగా! అది సరే గానీ అమ్మాయీ, మా ఇంట్లో ఫ్లష్ నొక్కితే నీళ్లు ఆగి చావడం లేదు. టాంకే మార్చాలా, వాషర్ మారిస్తే సరిపోతుందా?"