బల్ల అంచున గ్లాసు

“అమ్మను వడ్డించనీయకు అని ఎన్నిసార్లు చెప్పిన నీకు!” తడిసిన చొక్కా దులుపుకుంటూ లేచాడు శివశంకర్.

“మీ మోచెయ్యి తగిలి గ్లాసు పడ్డది. నడుమల అత్తమ్మనంటరేంది?” రేఖ గుడ్డ తెచ్చి బల్ల తుడవసాగింది.

“నా ఎడమ దిక్కు, అంచుకు పెడితే తగలదా? వారం సంది గిదే కథ. నిన్న చాయ్, ఇయ్యాల నీళ్లు. కండ్లు కనబడ్తలేవ్, అంటే ఒప్పుకోదు.”

“మరి మీ కారు ఎడమ అద్దం గూడ అత్తమ్మనే పలగ్గొట్టిందా?”

“కారెందుకే మధ్యల? కొత్తగూడ కాడ ఆ బైకోడు ఏడికెల్లి ఊడిపడ్డడో!”

రాజయ్య నవ్వబోయి, కొడుకు ముఖం చూసి ముద్దతో పాటు నవ్వునూ మింగేశాడు.

భాగ్యమ్మ చేపముక్కలో ముళ్లు ఒక్కటీ వదలకుండా ఏరి, ఆ ముక్కను కొడుకు పళ్లెంలో వేసింది.

గ్లకోమా ఆమె కుడి కన్నును ఎప్పుడో తీసుకుపోయింది. ఎడమ కంట్లో ఒత్తిడి చుక్కల మందుకు లొంగలేదు. ఒకసారి చేసిన ఆపరేషనూ నిలవలేదు. ఇక ఆ కంట్లో సన్నటి గొట్టం అమర్చి, లోపల పేరుకునే నీటికి దారి చేయాలన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడొచ్చు. ఖాజాగూడలోని ఆ ఫ్లాటులో నెల రోజులుగా అదే చర్చ. భాగ్యమ్మ మాత్రం ఊ అనలేదు.

శివశంకర్ తల్లి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. కోకాపేట ఆఫీసులో పదిమందిని నడిపించే మనిషికి ఇంట్లో ఒక్క మనిషి లొంగడం లేదు.

“ఏందమ్మా నీ భయం?”

“ఉన్నది ఒక్క కన్ను. దాంట్ల గొట్టం పెట్టినంక అది గూడ పోతే?”

“పెట్టకుంటే పోవుడు ఖాయమన్నడు గదా! ఇయ్యాల నీళ్లు గనుక సరిపోయింది. రేపు కాగే చారు గిన్నె పెడతవ్ గట్లనే.”

“బువ్వ కాడ గవ్వేం మాటల్రా?” రాజయ్య కసిరాడు.

“అననియ్యి. ఆనికి తెల్వదు,” అంది భాగ్యమ్మ.

లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. కొంగుతో తుడుచుకుంటూ, తల మెల్లగా తిప్పి ముగ్గురినీ చూసింది.

“రేపు దవాఖానకు పోదాం. గొట్టం పెట్టించుకుంట.”

రేఖ చేతిలో గుడ్డ ఆగిపోయింది. రాజయ్య కండువాతో కండ్లొత్తుకున్నాడు.

“గీ మాట ముందే అంటే అయిపోతుండె గదనే!” నవ్వాడు శివశంకర్.

“నేనొక్కదాన్నంటే నువ్వు బయట ఫోన్ పట్టుకొని కూసుంటవ్. గందుకే ఇద్దరం చూపించుకుందాం. మొదలు నువ్వు.”

“నేనా? నాకేమైంది?”

“గిది కడుపున పుట్టినోళ్లకు గూడ రావచ్చంట. నాకు గూడ మొదలు పక్కలనే కనబడకుంట పోయింది. అప్పుడు నాకెవ్వరూ చెప్పలే.”

ఆమె కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

“ఆ గ్లాసు నేను చూడక పెడుతున్ననుకున్నవా, బిడ్డా?”