మాస్టర్ అటు, స్లేవ్ ఇటు

మొక్కలకు నీళ్లు పెట్టాలి. పికప్ క్లచ్ బాగుచేయించాలి. చీకటి పడేలోపు ట్రేలన్నీ ఎక్కించాలి. రేపు ఉదయం ఆరింటికల్లా కొత్త ఆసుపత్రి ఆవరణలో రెండు వందల మొక్కలు దించాలి. ఆలస్యమైతే ఆ ఆర్డరు వేరే నర్సరీకి పోతుంది.

నీళ్లు పెట్టడం వరకే అయింది. చెల్లెలు తన నర్సరీ పికప్‌ని గరగరలాడించుకుంటూ పెద్దన్న మెకానిక్ షెడ్డులోకి తెచ్చింది.

"పెడల్ దూదిలో దిగినట్టు దిగుతోంది పెద్దన్నయ్యా. గేరు పడనంటోంది."

పెద్దన్న పెడల్ వెనకున్న మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి కొలత చూశాడు. తర్వాత బండి కిందకు దూరి, గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్ కూడా విప్పి కొలిచాడు.

"రెండింటికీ జత కుదర్లేదు. పైది చిన్నది. అది తోసే ఆయిల్ కిందిదానికి ఏ మూలకీ చాలదు. ఏ మహానుభావుడు బిగించాడే దీన్ని?"

"ఎవరైతేనేం, ఇప్పుడు సరైంది కావాలి. ఎదురుగా కొట్టుందిగా."

ఎదురుగా ఉన్నది చిన్నన్న స్పేర్ పార్టుల కొట్టు. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవతో ఒక్క షాపు రెండై ఏడేళ్లయింది. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల రోడ్డే. అన్నదమ్ముల మాట మాత్రం దాన్ని దాటలేదు.

"నువ్వే వెళ్లి తెచ్చుకో," అన్నాడు పెద్దన్న.

తెచ్చింది. పెద్దన్న పెదవి విరిచాడు.

"ఇది మరీ పెద్దది. తొక్కితే పెడల్ బండరాయే. వాడికి కళ్లు నెత్తికెక్కాయని చెప్పు."

ఆమె రోడ్డు దాటి చెప్పింది.

"ముందు కళ్లజోడు తుడుచుకుని కొలవమను," అన్నాడు చిన్నన్న.

ఈసారి ఆమె వెనక్కి వెళ్లలేదు. కొట్టు మెట్ల మీద కూలబడింది.

"మీ ఇద్దరి మాటలూ ఇక మోయలేను. అయిదయింది. ఆర్డరు పోతే పోనీ."

చిన్నన్న అరలోంచి వేరే వేరే సైజుల సిలిండర్లు దించాడు. నాలుగు డబ్బాలు చంకన పెట్టుకుని రోడ్డు దాటాడు.

పెద్దన్న స్లేవ్ ముందుకు తోశాడు. చిన్నన్న కొలిచి మూడో డబ్బా విప్పాడు. జత కుదిరింది. రెండూ బిగించాక ఇక ఆయిల్ గొట్టంలో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన తొక్కాలి, ఒకరు కింద నట్టు వదులు చేసి బిగించాలి. ఒకరికొకరు చెప్పుకోకపోతే పోయిన గాలి మళ్లీ లోపలికే వస్తుంది.

"నువ్వు తొక్కవే," అన్నాడు పెద్దన్న బండి కిందనుంచి.

"నా కాలు బెణికింది," అంది చెల్లెలు.

"ఇందాక అన్నిసార్లు రోడ్డు దాటిన కాలేనా?"

"అందుకే బెణికింది!"

చిన్నన్న నిట్టూర్చి సీటెక్కాడు. కింద గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"తొక్కు."

"తొక్కా."

"పట్టుకో... ఆ, వదులు."

"వదిలా."

పదిసార్లయ్యాక పెడల్ బిగిసింది.

"ఇంకొక్కసారి తొక్కరా."

"చాల్లే అన్నయ్యా, బయటికి రా. నడుం పట్టేస్తుంది."

"నా నడుం సంగతి నీకెందుకురా?" అంటూనే పెద్దన్న చెయ్యి చాచాడు. తమ్ముడు పట్టుకుని లాగాడు.

ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని నర్సరీకి వెళ్లి, చీకటి పడకముందే ట్రేలు ఎక్కించారు. దారి పొడుగునా అన్నదమ్ములు మొదటి గేరు ఎలా వెయ్యాలన్న దాని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ చెల్లెల్ని గుర్తుపెట్టుకోండి: పొద్దున బాగున్న బండికి ఆ చిన్న సిలిండర్ బిగించి పాడుచేసింది ఆమే.