తుపానులో సరుకు

ఫహ్మీదా చేతిలో డబ్బా జారి, టమాటా అన్నమంతా గడ్డి మీద పడింది.

"అయ్యో ఖర్మ!"

"తెలుగేనా అమ్మా?" బెంచీకి అటు చివర కూర్చున్న పెద్దాయన తన డబ్బా ముందుకు జరిపాడు. "పెరుగన్నం. సగం తీసుకో."

దేశంకాని దేశంలో, పర్రమట్టా అనే ఊళ్ళో ఆమె ఆఫీసుకి ఎదురుగా ఉన్న పార్కు అది. రెండువేల సంవత్సరం రావడానికి ఇంకా ఆరు వారాలుంది. ఉద్యోగంలో చేరి పదిరోజులే అయినా, పదేళ్ళు చేసినంత అలసటగా ఉంది ఆమెకి.

తింటూ తన కష్టం చెప్పేసుకుంది.

ఏదో ఆస్పత్రికి రాసిన మందుల కంప్యూటర్ ప్రోగ్రాం. అందులో ఏడాదికి చివరి రెండంకెలే ఉన్నాయి. 99 పోయి 00 వస్తే, ఏడాది నిండని బిడ్డకి తొంభై తొమ్మిదేళ్ళని లెక్కకట్టి పెద్దవాళ్ళ మోతాదు చూపించినా చూపించవచ్చు. పరీక్షించి చూడటానికి టైము లేదు. చూసినట్టు సంతకాలు పెట్టెయ్యమంటోంది మేనేజరు రత్నకుమారి.

"పెట్టకపోతే జాబ్ పోతుంది అంకుల్. జాబ్ పోతే వీసా పోతుంది. నేను పెడుతున్నానా? వాళ్ళు పెట్టిస్తున్నారు."

"పూర్వం గ్రీసులో దీనిమీద పెద్ద వాదనే జరిగిందమ్మా. తుపానులో ఓడ మునిగిపోతుంటే కెప్టెన్ సరుకంతా సముద్రంలో పారేశాడు. పారేసింది తుపానా, కెప్టెనా?"

"తుపానే!"

"గాలి ఎత్తుకుపోతే తుపాను. చేతులతో ఎత్తి పారేస్తే కెప్టెనే. ఆయన్ని తప్పు పట్టను, పోయింది సరుకే కదా. నీ ఓడలో ఉన్నది పసిపిల్లలు."

ఫహ్మీదాకి ఒళ్ళు మండింది.

"మీకేం అంకుల్! రిటైరై చల్లగా కూర్చుని ఎన్నైనా చెప్తారు. పెట్టనని ఒక్కసారి అని చూడండి, తెలుస్తుంది!"

ఆయన నీరసంగా నవ్వాడు.

"నిజమేనమ్మా. చాలా కష్టం."

మధ్యాహ్నం మూడింటికి ఫహ్మీదా అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టేసింది. కొరియర్ మనిషి ఆ కట్ట తీసుకుని లిఫ్టు ఎక్కాడు.

"హమ్మయ్య, బతికించావు ఫహ్మీదా!" రత్నకుమారి కుర్చీలో వెనక్కి వాలింది. "నీకు ముందు ఈ సీట్లో పాండురంగ గారని ఉండేవారు. ఇదే కాగితాల మీద పెట్టనంటే పెట్టనని లేచి వెళ్ళిపోయాడు మహానుభావుడు."

"ఇప్పుడెక్కడ చేస్తున్నారు మేడం?"

రత్నకుమారి కిటికీలోంచి కిందికి చూసింది.

"ఎక్కడా చెయ్యట్లేదు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పుకోలేక, రోజూ ఆఫీసు టైముకే బయల్దేరి వచ్చి, సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చుంటున్నాడు."