ఎవ్వరికీ ఫ్రీ లేదు

“హాలు ఫ్రీగ ఇయ్యాల్నా? మున్సిపాలిటీ అంటే ధర్మశాల అనుకున్నవా జమ్ములమ్మా?”

శివశంకర్ బల్ల చరిచిన చరుపుకు కౌన్సిలర్ల ముందున్న టీ కప్పులు గలగలమన్నాయి.

నిజానికి శివశంకర్ కౌన్సిలర్ కాదు. చైర్‌పర్సన్ మాలతి భర్త. రూలు ప్రకారం ఆయన ఆ సమావేశ గదిలో అడుగు పెట్టకూడదు. కానీ ఆమె కుర్చీ పక్కన ఆయనకూ ఒక కుర్చీ ఎప్పుడూ వేసే ఉంటుంది. మాట ఆయనది, సంతకం ఆమెది. ఈ పద్ధతికి అందరూ ఎంతగా అలవాటు పడ్డారంటే, మాలతి గొంతు ఎలా ఉంటుందో సగం మంది కౌన్సిలర్లకు ఇప్పటికీ తెలియదు.

జమ్ములమ్మ పారిశుధ్య కార్మికుల నాయకురాలు. పొద్దుటి డ్యూటీ దిగి, అదే ఆరెంజ్ కోటుతో వచ్చి నిలబడింది. బల్ల చప్పుడుకు ఆమె రెప్ప కూడా వేయలేదు.

“సార్, ఊర్ల పెండ్లిలన్నిటికి ఎంగిలి ఇస్తరాకులు ఎత్తేది మేమే. మా పిల్లల పెండ్లికి ఒక్క దినం హాలిస్తె ఏం పోతది? ఈ ఆదివారం మా బిడ్డ మనీషా పెండ్లి. చర్చిల ప్రార్థన అయినంక అన్నాలు పెట్టనీకి జాగ లేదు. కొల్లాపూర్ నుంచి పిలగాని తరఫోళ్లు బస్సు కట్టుకొని వస్తుండ్రు. వానొస్తె గా మందినంత నేను యాడ కూసోబెట్టాలె?”

“మీకు సబ్బులిస్తున్నం, చెప్పులిస్తున్నం, కొబ్బరినూనె ఇస్తున్నం. ఇంక హాలు గూడనా?”

“కొబ్బరినూనెతోని పెండ్లి అయితదా సార్?”

కౌన్సిలర్లు ఘొల్లున నవ్వారు. శివశంకర్ ఏదైనా ఓర్చుకుంటాడు గానీ, నలుగురిలో నవ్వులపాలైతే మాత్రం ఓర్చుకోలేడు. ఆయన మొహం కందిపోయింది.

“ఇయ్యాల నీకిస్తె రేపు నల్లా నీళ్లు ఇడిచేటోడు వస్తడు, ఎల్లుండి లైట్లు పెట్టేటోడు వస్తడు. హాలు కరెంటు బిల్లు మీ అయ్య కడుతడా? ఫీజంటే ఫీజే!”

“అందరికీ గట్లనేనా సార్? లేకుంటే మా అసువంటోళ్లకేనా?”

గదిలో నవ్వులు ఆగిపోయాయి. అందరి చూపులూ కిటికీ వైపు తిరిగాయి. రోడ్డుకు అవతల మున్సిపల్ ఫంక్షన్ హాలు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. శివశంకర్ చెల్లెలి కొడుక్కి మొదటిసారి పంచె కట్టించే ధోతి ఫంక్షన్, ఈ ఆదివారమే. అందులో పిల్లవాడి కంటే మేనమామ బొమ్మే పెద్దది. అక్కడ పెద్దవాళ్ల ఫంక్షన్లన్నీ నోటిమాట మీదే జరుగుతాయి. ఫీజూ ఉండదు, ఆఫీసులో రాతా ఉండదు. వాళ్లకు అవసరం పడితే, డబ్బు కట్టినవాళ్ల తేదీ కూడా పక్కకు జరిగిపోతుంది. పాపం ఎన్ని పెళ్లిళ్లు అలా రోడ్డున పడ్డాయో.

ఒక్క శివశంకరే కిటికీ వైపు చూడలేదు. ఆయన కళ్లు జమ్ములమ్మ మీదే ఉన్నాయి.

“అందరికీ గట్లనే! కౌన్సిలర్ గానీ, చైర్‌పర్సన్ గానీ, చైర్‌పర్సన్ మొగుడు గానీ, ఎవ్వరికీ ఫ్రీ లేదు. తీర్మానం రాయుండ్రి కమిషనర్ సాబ్!”

కమిషనర్ ఉదయ్ కిరణ్ మెల్లగా దగ్గాడు. “సార్, ఆదివారం మన బాబు ఫంక్షన్...”

“నడుమ అడ్డం రాకుండ్రి! రాయమంటే రాయుండ్రి. ఎవరు ముందు పైసలు కడితె హాలు వాళ్లదే. ఎంత పెద్దోడొచ్చినా తేదీ మారది. ఇయ్యాల్టి నుంచే అమలు.”

కౌన్సిలర్లు బల్లలు చరిచారు. మాలతి ఎప్పటిలాగే చూపించిన చోట సంతకం చేసింది. ఇవాళ మాత్రం స్టాంపు కూడా తనే అడిగి వేయించింది.

ఇక జమ్ములమ్మ ఏడుస్తుందనో తిడుతుందనో అందరూ అనుకున్నారు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“సల్లగుండు సార్. గీ ఒక్క మాట కోసమే వచ్చిన. పొద్దుగాల కౌంటర్ తెరవంగనే చిట్టీ పైసలు తెచ్చి ఆదివారానికి ఫీజు కట్టిన. కట్టినా గుంజుకుంటరేమో అని పానం కొట్టుకుంటుండె. ఇగ రంది లేదు. గా ఫ్లెక్సీ జర తీయించుండ్రి, మా పిల్ల పెండ్లి ఫ్లెక్సీ కట్టుకోవాలె.”

శివశంకర్ గిర్రున కమిషనర్ వైపు తిరిగాడు. “ఆదివారం మన ఫంక్షన్ ఉన్నదని తెల్వదా? ఆమె తాన పైసలెట్ల తీసుకున్నరు?”

“కంప్యూటర్ల ఖాళీ చూపెట్టింది సార్. మన ఫంక్షన్ మనం ఎక్కియ్యలేదు కద,” అన్నాడు ఉదయ్ కిరణ్ తల వంచుకుని.

అందరికీ నవ్వు వస్తోంది, ఎవరూ నవ్వడం లేదు. తీర్మానం చింపెయ్యమందామంటే మూలన కూర్చున్న విలేకరి అప్పటికే ఫోన్లో వార్త కొట్టేస్తున్నాడు. శివశంకర్ కాసేపు పళ్లు నూరుకున్నాడు. తర్వాత ఆయనకు ఏదో తట్టింది.

“గిది నీ ఒక్కదాని తెలివి కాదు జమ్ములమ్మా. ముందుగాల పైసలు కట్టు, ఎనుక వచ్చి ఫ్రీగ అడిగి నాకు కోపం తెప్పియ్యి అని నీకు నేర్పిందెవరు?”

జమ్ములమ్మ మొదటిసారి తల దించుకుంది.

“నేనే,” అంది మాలతి, పెన్నుకు మూత పెడుతూ. “ఇగ మీరు జర లేవుండ్రి. ఇప్పుడు సిబ్బంది సంక్షేమం గురించి మాట్లాడాలె, గా కుర్చీల జమ్ములమ్మ కూసుంటది.”