ముందు పంపు

మహజబీన్ తన మొదటి పాటను వాట్సాప్ గ్రూపులోని పెద్దక్కకు మాత్రమే పంపింది.

పాట నిడివంత సేపైనా గడవకముందే జవాబొచ్చింది.

"నాకెందుకు? గ్రూపులో పెట్టు."

విననైనా వినలేదు. మహజబీన్‌కు ఒళ్లు మండిపోయింది.

హిందూపురంలో ఒక జెరాక్స్ షాపులో ఆమెకు పని. తీరిక దొరికితే ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఫోన్లోనే డోలు, బేసు, కీబోర్డు ఒకదాని మీద ఒకటి పేర్చి పాటలు కట్టేది. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే నవ్వుతారని భయం. తనలాగే ఇళ్లల్లో కూర్చుని సంగీతం చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపు 'ఇంటి బీట్లు'లో చేరింది గానీ, అక్కడా అందరి పాటలూ వినడమే తప్ప నోరు విప్పింది లేదు.

అలా నోరు విప్పనివాళ్లను వెతికి పట్టుకోవడమే పెద్దక్క పని.

అసలు పేరు రామాంజినమ్మ, ఉండేది ధర్మవరం మగ్గాల వీధిలో. గ్రూపులో ఎవరూ ఆమెను నేరుగా చూడలేదు. చేరి ఊరకున్నవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టి, పాటేదీ అని అడిగేది. సిగ్గంటే ఒప్పుకునేది కాదు. ఇంకా బాగా నేర్చుకుని పెడతానంటే అసలే ఒప్పుకునేది కాదు.

"నగితే నగనీ. వాళ్ల నోరు, వాళ్ల పండ్లు. నువ్వు ముందు పంపు."

మహజబీన్‌ను అలా నెలల తరబడి పోరింది. తీరా పంపితే ముట్టుకోలేదు. సరే, చూడు నా తడాఖా అని మహజబీన్ అదే కోపంలో పాటను గ్రూపులో పడేసింది. తీసేద్దామనుకునేలోగా అందరూ వినేశారు.

గ్రూపుకు ఒక పద్ధతి ఉంది. దాన్ని నడిపే పెనుకొండ క్రాంతి కుమార్ పెట్టిన పద్ధతి అది. ఊరికే బాగుంది అంటే కుదరదు. పాటలో ఫలానా చోట ఇది బాగుంది, ఫలానా చోట ఇది చెడింది అని చూపించి చెప్పాలి. అందరూ అలాగే చెప్పారు. మధ్యలో డోలు కీబోర్డును మింగేస్తోందన్నారు. చివర్లో వేణువు వచ్చిన చోట ఒళ్లు ఝల్లుమందన్నారు. నవీద్ అనే అతను మాత్రం పిండిమర తిరిగినట్టుందని రాశాడు.

పెద్దక్క వెంటనే అందుకుంది.

"నీ పాట యాడుండాది నవీదూ? ముందు నువ్వొకటి పెట్టు, ఆమీద నగుదువు."

నవీద్‌కు రోషం పొడుచుకొచ్చింది. అంత వెనకేసుకొస్తున్నావు కదా, ఈ పాటలో ఏం బాగుందో ఒక్క చోటు చూపించమని నిలదీశాడు.

పెద్దక్క చోటేదీ చూపించలేదు.

"ఆ పిల్ల భయపడకుండా పెట్టింది. నాకదే బాగుండాది."

అప్పుడు ఒక్కొక్కరికీ అనుమానమొచ్చింది. ఈమె ఎవరి పాట గురించీ ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. అందరినీ ముందుకు తోయడమే గానీ, బాగోగులు మాట్లాడింది లేదు. మహజబీన్ మంట ఇంకా చల్లారలేదు.

"నేను విడిగా పంపితే గూడ వినలే" అని రాసేసింది.

ఆ మాట చాలింది. పద్ధతి అందరికీ ఒకటేనంటూ క్రాంతి కుమార్ పెద్దక్కను గ్రూపులోంచి తీసేశాడు. ఎవరూ కాదనలేదు. మహజబీనూ కాదనలేదు.

ఆ తర్వాత మహజబీన్ ఇక ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి పాటలు పెట్టింది. ఇంట్లో స్పీకర్ పెట్టి మరీ వినిపించింది. అన్న నవ్వితే, నవ్వుకో అని ఇంకాస్త సౌండు పెంచింది. అమ్మ బుడన్‌బీ మొదట గొణిగింది గానీ, తర్వాత తనే వచ్చి పక్కన కూర్చుంది.

గ్రూపు మాత్రం చల్లబడింది. కొత్తగా చేరినవాళ్లు చేరినట్టే ఉండిపోయారు. పాతవాళ్లే ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. మొదటి పాట మీతో ఎవరు పెట్టించారని ఒకరోజు క్రాంతి కుమార్ అడిగితే అందరూ ఒక్క పేరే చెప్పారు. ఆమె అన్న మాట పడలేకే తనూ పెట్టానని నవీద్ ఒప్పుకున్నాడు.

తప్పయిందని, తిరిగి రమ్మని క్రాంతి కుమార్ మెసేజ్ పెట్టాడు. ఆమె చూసింది, జవాబివ్వలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఆదివారం మహజబీన్ ధర్మవరం రైలెక్కింది. క్షమించమని అడగాలని ఉంది. గట్టిగా తగువేసుకోవాలనీ ఉంది. నా పాట వినేదాకా ఆమె గడప దిగనని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

మగ్గాల వీధిలో రామాంజినమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. కోడలు నీలావతి తలుపు తీసి లోపలికి రమ్మంది. వసారాలో ఒకావిడ వాకిలికి వీపు పెట్టి, పట్టుదారం చుడుతూ కూర్చుని ఉంది.

"పెద్దక్కా, నేను హిందూపురం మహజబీన్‌ను."

ఆమె తిరగలేదు.

"నామీద కోపముంటే తిట్టు."

అప్పటికీ తిరగలేదు. మహజబీన్‌కు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఫోన్ తీసి, సౌండు పూర్తిగా పెంచి, తన పాట పెట్టింది.

"మాట్లాడకుంటే పోనీ. ఇది మాత్రం నువ్వు వినాల."

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. పక్కింట్లో మగ్గం ఆగింది. దారం చుట్టే చెయ్యి మాత్రం ఆగలేదు.

నీలావతి వచ్చి మహజబీన్ భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంత పెంచినా వినపడదు పాపా, మా అత్త గూడ నీ మాదిరే ఫోన్లో శానా పాటలు కట్టి సిగ్గుతో దాచిపెట్టుకునింది, ఎవురికన్నా వినిపిద్దామని ధైర్యం తెచ్చుకునే లోపల చెవులు రెండూ పోయినాయి."