ఇంకా తేలలేదు

"ఏమే పిన్యా, నీ పరిశోధనకి కన్నతల్లి అమ్ముకునే ఆల్చిప్పలే దొరికాయా?" లమ్దువన్ పేపరు తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది.

"ఆల్చిప్పల్లో ప్లాస్టిక్! తింటే గుండెపోటే!" అని శీర్షిక. కింద మైక్రోస్కోపు పక్కన పిన్యా నవ్వుతూ.

"గుండెపోటని నేనెక్కడన్నానమ్మా? ప్లాస్టిక్ నలుసులు కనిపించాయన్నాను. వాటివల్ల మనిషికేమవుతుందో ఇంకా తేలలేదన్నాను."

"తేలకపోతే తేలేదాకా నోరు మూసుకోవాల్సింది!"

ఆంగ్ సిలా రేవు బజారంతా సందడిగా ఉంది, లమ్దువన్ బల్ల దగ్గర తప్ప. రోజూ కొనే సమొన్ కూడా ఆగకుండా పోతోంది.

"వద్దులే అక్కా, ప్లాస్టిక్కంటగా! పిల్లలు గలదాన్ని," అంది, ప్లాస్టిక్ సంచిలో పోయించుకున్న ఐసు టీ స్ట్రాతో పీలుస్తూ.

పిన్యా పళ్ళు కొరుక్కుని విలేకరికి ఫోన్ చేసింది.

"థనిత్ గారూ, ఆ గుండెపోటు ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"మేడం, 'ఇంకా తేలలేదు' అని పెడితే ఎవరైనా చదువుతారా?"

"సరే, సవరణ వేయండి. అసలు ఆల్చిప్పలే లేకుండా ఉత్త శుద్ధజలాన్ని పరీక్షించినా కొన్ని నలుసులొచ్చాయి. అవి మా ల్యాబు గాలిలోంచో, మా బట్టల్లోంచో పడ్డవి. వాటిని లెక్కలోంచి తీసేశాం. ఇంత జాగ్రత్తగా చేసిన పని అది..."

"ఏమన్నారు? శుద్ధజలంలో కూడానా?" అవతలి గొంతు ఒక్కసారిగా హుషారెక్కింది.

"అయ్యో, అది కాదు నేను చెప్పేది..."

ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పేపరు చూసి పిన్యా తల పట్టుకుంది. "శుద్ధజలమూ ప్లాస్టిక్‌మయమే! ఏం తాగి బతకాలి?" మళ్ళీ అదే ఫోటో. అమ్మ ఇక బల్ల ఎత్తేయాల్సిందే అనుకుంటూ తనూ పరుగున బజారుకెళ్ళింది.

బల్ల చుట్టూ జనం. లమ్దువన్‌కి తూకం వేయడానికి చేతులు చాలడం లేదు.

"నీళ్ళే మానలేనప్పుడు ఇవొక్కటీ మానేసి ఏం బావుకుంటాం? రెండు కిలోలు కట్టక్కా," అంటోంది సమొన్.

పిన్యాకి ఒళ్ళు మండిపోయింది. అక్కడే నిలబడి ఖండన టైపు చేయడం మొదలుపెట్టింది: 'జనం తాగే నీళ్ళను మేము పరీక్షించనే లేదు. వార్త పూర్తిగా తప్పు...'

లమ్దువన్ తడిచేయి లుంగీకి తుడుచుకుని ఫోన్ లాక్కుంది. రెండుసార్లు చదివింది.

"ఇదంతా నిజమేనా?"

"అక్షరాలా నిజం!"

"అయితే రేపు పంపు. నిజానికేం, కుళ్ళిపోదు. ఈ ఆల్చిప్పలు సాయంత్రానికే కంపు కొడతాయి."