తొమ్మిది నిమిషాల మోత

“తొమ్మిది నిమిషాలు చెయ్యి ఆపకు అన్నా. తోలు పలిగినా ఫికర్ లేదు,” అన్నాడు లక్ష్మణ్. ముందు పన్ను ఊడిన సందులోంచి మాటతోపాటు గాలి కూడా వస్తోంది.

ఆ పన్ను ఊడగొట్టింది ఫోర్‌మన్ అమ్మిరాజు. జ్వరమని సెలవడిగినందుకు ఇనుప పైపుతో మూతి మీద కొట్టాడు. తమ్ముడికి అడ్డం వెళ్లిన అంజన్నకు బూటుకాలితో డొక్కలో రెండు పడ్డాయి. సౌదీలో, రాబిగ్‌లోని వాళ్ల క్యాంపులో అమ్మిరాజు చేతి దెబ్బ తినని తెలుగువాడు లేడు. పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర, కఫీల్ చెవి ఫోర్‌మన్ దగ్గర. ఇక చెప్పుకునేదెవరికి?

ఇవాళ క్యాంపు హాల్లో జపాన్ ఇంజినీర్ల సంగీత సభ. తైకో అని, మనిషంత ఎత్తు డోలు వాళ్లది. ఊళ్లో డప్పు కొట్టిన చెయ్యి కదా అని అంజన్నను ఏడుగురి జట్టులో చేర్చుకుని, తొమ్మిది నిమిషాల ఆఖరి పాటకు ఆ పెద్ద డోలు అప్పగించారు. అది మోగితే పక్కన పిడుగు పడినా వినపడదు. లక్ష్మణ్‌కు ఆలోచన తట్టింది అక్కడే. ఏసీ నుంచి పొగ వస్తోందని అమ్మిరాజును స్టేజీ వెనక గదికి పిలిపించాలి. తలుపేసి, తనూ ఇంకో ఇద్దరూ కలిసి వాడి ఎముకలు సున్నం చేయాలి. ఆ ఇద్దరూ అమ్మిరాజు వెంట తిరిగేవాళ్లే కానీ, వాడి దెబ్బలు తిన్నవాళ్లే.

అంజన్నకు భయమే. చప్పుడు బయటికొస్తే అన్నదమ్ములిద్దరికీ జైలు, ఇంటి దగ్గర పొయ్యిలో పిల్లి లేవదు.

“పానం తీయకుర్రి తమ్మీ,” అన్నాడు.

“తియ్యం. నువ్వైతే మోత ఆపకు,” అని లక్ష్మణ్ తెర వెనక గదిలోకి దూరాడు.

ఆ ఇద్దరిలో ఒకడు వెళ్లి అమ్మిరాజు చెవిలో ఏదో చెప్పడం చూశాక అంజన్న వెనక్కి తిరిగాడు. పెద్ద డోలు వాయించేవాడు జనానికి వీపు పెట్టి నిలబడాలి. అదీ మంచిదే, మొహం ఎవరికీ కనిపించదు. రెండు కర్రలూ ఎత్తి కొట్టాడు. ఇది పన్నుకు. ఇది డొక్కకు. మిగతా ఆరుగురూ చిన్న డోళ్లతో అందుకున్నారు. నాలుగో నిమిషంలో, దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో, ఎదురుగా తెర వెనక నుంచి సన్నగా కేక వినపడింది, “అమ్మా” అని.

వీడికీ అమ్మ గుర్తొచ్చిందన్నమాట. అంజన్నకు ప్రాణం లేచివచ్చింది. కేక మళ్లీ లేస్తే దాని నెత్తిన ఇంకో దెబ్బ వేశాడు. వాయిస్తూ అరవడం జపాన్ వాళ్ల పద్ధతే కాబట్టి తనూ గొంతు చించుకుని అరిచాడు. అరచేతులు చిట్లి కర్రల మీదుగా నెత్తురు కారుతున్నా ఆపలేదు. ఏడో నిమిషానికి కేకలు మూలుగులయ్యాయి. తర్వాత అవీ లేవు. జన్మలో అంత ఆనందం ఎరగడు అంజన్న.

ఆఖరి దెబ్బ పడింది. హాలంతా లేచి నిలబడింది. అంజన్న నవ్వుతూ, దండం పెట్టడానికి జనం వైపు తిరిగాడు.

ముందు వరసలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది అమ్మిరాజు.